రెండోసారి నొక్కినప్పుడు

లాండ్రీ క్వార్టర్స్, వెనక గది
సోమవారం

వదినా,

ఉత్తరం చూసి కంగారుపడకు అని రాయాలి గానీ, ఇది కంగారుపడాల్సిన సంగతే. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేస్తే అన్నయ్య ఎత్తుతాడు, స్పీకర్లో పెడతాడు, ముగ్గురం ఒకేసారి మాట్లాడతాం, చివరికి ఎవరు ఏమన్నారో ఎవరికీ తెలియదు. పైగా నీ గొంతు వింటే నేను మెత్తబడిపోతాను. ఈసారి మెత్తబడకూడదు.

పోయిన వారం ఫిట్టర్ బాబాయి చెయ్యి మూడో డ్రమ్ములో పడింది. కుడిచేతి వేళ్లు రెండు పోయాయి.

మా కేబిన్ నీకు తెలుసు కదా. అద్దాల గది, అందులో నువ్వు రాసిన ప్రోగ్రామ్ నడిచే పాత కంప్యూటరు, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు. అద్దం అవతల నాలుగు డ్రమ్ములు. ఆ రోజు మూడో డ్రమ్ములో ఆస్పత్రి దుప్పటి మెలిపడి మూత దగ్గర ఇరుక్కుంది. బాబాయి కింద నుంచి ఆపమని సైగ చేశాడు. నేను కంట్రోల్-సి నొక్కాను. తెర మీద "అన్నీ ఆగాయి" అని వచ్చింది. డ్రమ్ము కూడా కదలడం లేదు. అద్దంలోంచి చెయ్యి ఊపాను. ఆయన మూత తీసి చెయ్యి లోపల పెట్టాడు. దుప్పటి సగం బయటికి వచ్చిందో లేదో, డ్రమ్ము గిర్రున తిరిగింది.

పరిగెత్తుకెళ్లి ఎర్ర స్విచ్ కొట్టింది ఇస్త్రీ రోలర్ల దగ్గర పనిచేసే ఆవిడ. నేను కాదు.

మూత తీస్తే కరెంటు పోయే స్విచ్ ఒకటి ప్రతి డ్రమ్ముకీ ఉండాలి. మూడోదానికి అది పాడైతే తీగ చుట్టి, మూత తీసినా తిరిగేలా వదిలేశారు. ఆ ఊసు మేనేజరు ఎత్తడం లేదు. "నువ్వు నొక్కకుండానే చెయ్యి ఊపావు" అంటున్నాడు, అందరి ముందూ. ఎంక్వయిరీ అయ్యేదాకా పనిలోకి రావద్దన్నారు. నాదే తప్పని తేలిస్తే ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు వదినా, ఒక మనిషి చెయ్యి తీసినదాన్ని అవుతాను. ఆ పేరు మోసుకుని ఎక్కడికి పోయి పని అడగను?

నేను నొక్కాను. ఆ ప్రోగ్రామ్ రాసింది నువ్వు. నొక్కినా ఆగకుండా పోయే దారి ఏదైనా అందులో ఉందా? ఉందో లేదో రాయి చాలు. వివరాలు రాసి నన్ను తికమక పెట్టకు.

నీ ఆడపడుచు


మేడ మీది గది
శుక్రవారం

మరదలు పిల్లకి,

నీ ఉత్తరాన్ని మీ అన్నయ్య కరెంటు బిల్లనుకుని ఫ్రిజ్ మీద పడేశాడు. సాయంత్రం నీ చేతిరాత గుర్తుపట్టి నేనే విప్పాను. చదివాక వంట చేయబుద్ధి కాలేదు. ఆ ప్రోగ్రామ్ పెట్టడానికి నేను అక్కడికి వచ్చినప్పుడు ఏ తీగ ఎటు పోతుందో చూపించింది ఫిట్టర్ బాబాయే. "ఇది ముట్టుకోకమ్మా, అది ముట్టుకో" అంటూ నా వెనకాలే తిరిగాడు. అలాంటి చేతికి ఇలా అయిందంటే నమ్మలేకపోతున్నాను.

వివరాలు వద్దన్నావు. వివరాల్లేకుండా ఉందో లేదో చెప్పడానికి నాకు జ్యోతిష్యం రాదు. కాస్త ఓపిక పట్టి చదువు.

ప్రోగ్రామ్ లోపల ఐదుగురు ఉన్నారనుకో. థ్రెడ్లంటాం మేము. ఒకడు పెద్దవాడు, గుమ్మంలో కూర్చుంటాడు. మిగతా నలుగురూ తలో డ్రమ్మూ చూసుకుంటూ లోపలి గదుల్లో ఉంటారు. నువ్వు కీబోర్డు మీద కంట్రోల్-సి నొక్కితే ఆ పిలుపు గుమ్మంలో ఉన్నవాడికి మాత్రమే వినబడుతుంది. లోపలి వాళ్లకి వినబడదు. అందుకని పెద్దవాడు లేచి ఒకటో గదికి వెళ్లి "ఆపరా" అని చెప్పి, వాడు నీళ్లు వదిలి పూర్తిగా ఆగేదాకా అక్కడే నిలబడతాడు. తర్వాత రెండో గదికి వెళతాడు, అలా నాలుగూ. నాలుగు డ్రమ్ములూ ఒక్కసారే నీళ్లు వదిలితే మీ కాలువ పొంగి నేలంతా సబ్బునీళ్లే, అందుకే ఆ వరస పెట్టాను. నలుగురూ ఆగాకే తెర మీద "అన్నీ ఆగాయి" అని వస్తుంది.

కాబట్టి నువ్వడిగినదానికి జవాబు: లేదు. ఆ మాట వచ్చిందంటే డ్రమ్ములు ఆగినట్టే.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ముందు చెయ్యి ఊపి తర్వాత నొక్కావా? ఆ మాటని కళ్లతో చదివావా, లేకపోతే రోజూ వచ్చేదే కదా అని చదివినట్టు అనిపించిందా? నా దగ్గర నిజం చెబితే నేను నీ వైపే ఉంటాను.

వదిన


లాండ్రీ క్వార్టర్స్, వెనక గది
గురువారం

వదినా,

నా వైపే ఉంటావా? సంతోషం. నీ ఉత్తరం చదివాక మేనేజరు మాటలే గుర్తొచ్చాయి. ఆయన గట్టిగా అరిచి అన్నాడు, నువ్వు బుజ్జగించి అన్నావు, అంతే తేడా.

చెయ్యి ఊపక ముందే నొక్కాను. ఆ మాట కళ్లతోనే చదివాను. ఇంకెన్నిసార్లు చెప్పను?

పోనీ, నేనూ ఒకటి అడుగుతాను. అన్నయ్య మొన్న ఫోన్లో మాటల మధ్య నోరు జారాడు. ఆ ప్రోగ్రామ్ నువ్వు వేరే వాళ్లకి కూడా అమ్మే పనిలో ఉన్నావట. అడగ్గానే "అబ్బే, ఏదో మాట్లాడుతోంది లే" అని మాట మార్చి, వాన పడుతోందా అని అడిగాడు. నాకు చిన్నప్పటి నుంచీ అన్నయ్య సంగతి తెలుసు, వాన గురించి అడిగాడంటే ఏదో దాస్తున్నట్టే. నీ సరుకు బాగాలేదని ఎంక్వయిరీలో తేలితే కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు కదా. అందుకేనా "లేదు" అని అంత ధైర్యంగా రాశావు?

ఇంకో సంగతి. మంగళవారం నువ్వు లాండ్రీకి వచ్చావు. వాచ్‌మన్ చూశాడు. కేబిన్‌లో మేనేజరు పక్కన కూర్చుని టీ తాగావు. నీకూ నాకూ మధ్య ఉన్నది ఒక గోడ, ఒక నీళ్ల ట్యాంకు. తలుపు తట్టలేదు. నేను ఆ పూట ఇక్కడే మంచం మీద కూర్చుని ఉన్నాను వదినా. వచ్చి కనబడకుండా పోయేంత పని ఏముంది?

నువ్వు మా ఇంటికి వచ్చినప్పటి నుంచి నిన్ను వదినలా చూడలేదు నేను, అక్కలా చూశాను. అందుకే ఇంత మంటగా ఉంది.

ఆడపడుచు


మేడ మీది గది
బుధవారం

మరదలికి,

వచ్చిన మాట నిజమే. మేనేజరు పిలిచాడు. ఎంక్వయిరీ అయ్యేదాకా నిన్ను కలవనని సంతకం పెడితేనే కేబిన్ తలుపు తీస్తానన్నాడు. పెట్టాను. టీ నేను అడగలేదు, తెచ్చి ముందు పెట్టారు, సగం వదిలేశాను. అది కూడా వాచ్‌మన్ చెప్పి ఉండాల్సింది.

కేబిన్‌లో ఏం చేశానో కూడా విను. డ్రమ్ముల్లో తడి దుప్పట్లు వేయించి, గోడకి అంటించిన కాగితంలో ఉన్నట్టే చేశాను. "ఒక్కసారి నొక్కి, మాట వచ్చేదాకా వేచి ఉండండి" అని ఆ కాగితం నేనే రాసి అంటించాను, ఇంకా ఉంది. ఒక్కసారి నొక్కాను. కాసేపు తెర మీద ఏమీ రాలేదు. తర్వాత మాట వచ్చింది, నాలుగూ ఆగాయి. మళ్లీ నడిపించి మళ్లీ నొక్కాను. ఎన్నిసార్లు చేసినా ఆగాయి. చూసింది చూసినట్టు రాసి ఇచ్చాను. అది నీకు దెబ్బ అని తెలుసు. తెలిసే రాశాను, లేనిది రాయలేను కదా.

అమ్మకం సంగతి మీ అన్నయ్యకి సగమే తెలుసు. ఆ సగాన్ని పట్టుకుని నన్ను నిలదీయకు.

నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. నొక్కాను నొక్కాను అని ఒకటే పాట. ఎలా నొక్కావో, నొక్కాక ఏం చేశావో, ఎంతసేపు చూశావో ఒక్క మాట లేదు. మామూలుగా నువ్వు కూరగాయలు కొన్న సంగతి కూడా రెండు పేజీలు చెప్పే మనిషివి. ఈ ఒక్క చోట మాత్రం నీకు మాటలు కరువయ్యాయి. నువ్వు నా దగ్గర ఏదో దాస్తున్నావు. అది ఏమిటో నాకు తెలియదు గానీ, ఉంది.

వదిన


లాండ్రీ క్వార్టర్స్, వెనక గది
శనివారం

వదిన గారికి,

నిన్న ఎంక్వయిరీ ఆఫీసర్‌కి కాగితం రాసి ఇచ్చాను. ప్రోగ్రామ్‌లో లోపం ఉందనీ, రాసినవాళ్లకి ఆ సంగతి తెలిసీ బయటపెట్టడం లేదనీ, అమ్మకాలు ఆగిపోతాయని భయపడుతున్నారనీ రాశాను. మీరు నాకు చుట్టమైనా సరే ఇది రాస్తున్నానని కూడా రాశాను. మీ జవాబు వచ్చేదాకా ఆగుదామనుకుని ఆగలేకపోయాను. ఇచ్చి వచ్చేసరికి మీ ఉత్తరం గుమ్మంలో ఉంది. చదివాను. ముందే చదివినా ఇదే చేసేదాన్ని.

ఆస్పత్రికి వెళ్లి బాబాయిని చూసి వచ్చాను. "నువ్వు నొక్కావమ్మా, నీ భుజం కదలడం నేను చూశాను. ఎవరడిగినా అదే చెబుతా" అన్నాడు. ఎడమచేత్తో నారింజ తొనలు తీసుకుని తింటున్నాడు, ఒక తొన నాకు పెట్టాడు. నాకు అక్కడే ఏడుపొచ్చింది. చెయ్యి పోయిన మనిషి నన్ను నమ్ముతున్నాడు. ఇంట్లో మనిషి నమ్మడం లేదు.

అన్నయ్యకి ఈ సంగతి నేను చెప్పలేదు. మీరే చెప్పుకోండి.

ఇట్లు,
ఆపరేటర్


వంటింట్లో భోజనాల బల్ల
మంగళవారం

ఓ ఆపరేటర్ గారూ,

మీరు నాకు "గారు" తగిలించినప్పుడే ఇల్లు రెండుగా చీలిందని మీ అన్నయ్య తల పట్టుకున్నాడు. నేను కూడా ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు. నీ మీద కోపంతో రెండు రోజులు పళ్లు నూరాను. మూడో రోజుకి కోపం చల్లారలేదు గానీ పని మొదలుపెట్టాను.

భోజనాల బల్ల మీద పాత కంప్యూటరు పెట్టి, తెర మీద నాలుగు ఉత్తుత్తి డ్రమ్ములు తయారు చేశాను. నిజం డ్రమ్ముల్లాగే తిరుగుతాయి, మధ్యలో దుప్పట్లు నానడానికి కాసేపు ఆగుతాయి, మళ్లీ తిరుగుతాయి. కాగితంలో ఉన్నట్టు నొక్కితే అన్నీ ఆగుతున్నాయి. విసుగొచ్చి, నా మరదలైతే ఎలా నొక్కుతుంది అని ఆలోచించాను. నువ్వు మా ఇంటి కాలింగ్ బెల్ ఎప్పుడైనా ఒక్కసారి కొట్టావా? లిఫ్టు బటన్ కూడా వదలవు, లోపల మనిషి దిగుతున్నా నొక్కుతూనే ఉంటావు. అలా నొక్కి చూశాను. ఒకసారి, వెంటనే ఇంకోసారి.

"అన్నీ ఆగాయి" అని టక్కున వచ్చేసింది. ఒకటోది ఆగింది. మిగతా మూడూ తిరుగుతూనే ఉన్నాయి.

ఏం జరిగిందో చెబుతాను. మొదటి పిలుపుకి పెద్దవాడు లేచి ఒకటో గది ముందుకు వెళ్లి నిలబడ్డాడు. వాడు అక్కడ ఉండగానే రెండో పిలుపు వచ్చి వాణ్ణి ఉన్నపళంగా లాగేసింది. మిగతా గదులకి వాడు వెళ్లనే లేదు, అక్కడి వాళ్లకి ఆపమని ఎవరూ చెప్పలేదు. మధ్యలో ఏం జరిగినా సరే, పోయేముందు తెర మీద "అన్నీ ఆగాయి" అని రాసి పొమ్మని నేనే వాడికి చెప్పి ఉంచాను. వాడు చెప్పినట్టే చేశాడు. ఆ నిమిషంలో మూడో డ్రమ్ము కదలకుండా ఉన్నది ఆగిపోయి కాదు. దుప్పట్లు నానుతున్నాయి, అంతే.

నువ్వు రెండుసార్లు నొక్కావు. అవునా, కాదా? ఇప్పుడు నేను కూడా వివరాలు అడగడం లేదు. ఒకటి మాత్రం చెప్పు. గోడ మీద అంత పెద్ద కాగితం పెట్టుకుని, రెండోసారి నొక్కమని నీకు ఎవరు నేర్పారు?

వదిన


లాండ్రీ క్వార్టర్స్, వెనక గది
ఆదివారం

వదినా,

అవును. రెండుసార్లు నొక్కాను.

ఇక్కడ అందరం అలాగే నొక్కుతాం. ఒకసారి నొక్కితే తెర మీద ఏమీ రాదు, అది విన్నదో లేదో తెలియదు. రెండోది నొక్కగానే మాట వచ్చేస్తుంది. రెండోదే పనిచేస్తుందని అనుకున్నాం. మామూలుగా దుప్పట్లు ఇరుక్కునేది ఒకటో డ్రమ్ములోనే. అది ఎప్పుడూ ఆగేది. మిగతావి ఆగాయో లేదో ఎవరూ చూసేవాళ్లం కాదు.

నేర్పింది ఎవరని అడిగావు. ఫిట్టర్ బాబాయి. నేను చేరిన మొదటి వారంలో నా పక్కన నిలబడి, "కాగితంలో రాసింది చూడకు, అది మెషీను కొత్తలో రాసింది. మొదటిది దానికి వినబడిందో లేదో మనకేం తెలుసు, వెంటనే రెండోది కొట్టు" అన్నాడు. ఎంతో మంచి మనసుతో చెప్పాడు. ఆయన ఆ మాట చెప్పినట్టు తెలిస్తే, "రాతపూర్వకంగా ఉన్న నియమాన్ని నువ్వే తప్పించావు, నీ చెయ్యి నువ్వే పోగొట్టుకున్నావు" అని మేనేజరు చేతులు దులుపుకుంటాడు. వైద్యం ఆపేస్తారు. ఆ చేత్తో ఆయనకి ఇంకో చోట పని ఎవరిస్తారు?

అందుకే దాచాను. ఆయన పేరు చెప్పలేను, రెండుసార్లు నొక్కానని చెప్పుకుంటే ఎవరు నేర్పారని అడుగుతారు. మిగిలింది నువ్వు. నీకేంలే, చదువుకున్నావు, పక్కన అన్నయ్య ఉన్నాడు, పోతే ఇంకో పని దొరుకుతుంది అనుకున్నాను. నువ్వు "లేదు" అని రాసినప్పుడు నిజంగానే నువ్వు ఏదో దాస్తున్నావని నన్ను నేను నమ్మించుకున్నాను. కొంత నిజంగా కూడా నమ్మాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది వదినా.

రేపు ఇంకో కాగితం ఇస్తున్నాను. రెండుసార్లు నొక్కానని, అది నా సొంత తెలివేనని, ఎవరూ నేర్పలేదని. నీ మీద రాసింది వెనక్కి తీసుకుంటున్నానని కూడా రాస్తాను. నువ్వు కూడా బాబాయి పేరు ఎక్కడా ఎత్తకు. ఇది ఒక్కటీ నాకోసం చెయ్యి.

నీ ఆడపడుచు


మేడ మీది గది
శుక్రవారం

పిల్లా,

బాబాయి పేరు నేను ఎత్తను. కానీ నీ ఉత్తరం నాకు చేరేలోపే నేను కూడా ఎంక్వయిరీకి ఒక కాగితం పంపేశాను. తప్పు ప్రోగ్రామ్‌దేననీ, మనుషులు రెండుసార్లు నొక్కుతారని తెలుసుకోవాల్సింది రాసినదాన్ని నేనేననీ, డ్రమ్ములు ఆగకుండానే ఆగాయని తెర అబద్ధం చెప్పిందనీ రాశాను. నాకు సలహా చెప్పే వకీలు వద్దని మొత్తుకున్నాడు. కొన్నాళ్లు నోరు మూసుకుని కూర్చుంటే సర్దుకుంటుందన్నాడు. నా ఉద్యోగం కన్నా నీ మొహం గుర్తొచ్చింది.

మన రెండు కాగితాలూ ఒకే రోజు ఆ ఆఫీసర్ బల్ల మీదికి చేరాయట. ఇవాళ నాకు ఫోన్ చేశాడు. "పోయిన వారం దాకా ఒకరి మీద ఒకరు రాసుకున్నారు. ఇప్పుడు ఇద్దరూ తప్పు నాదంటే నాదంటున్నారు, అదీ ఒకే కథ. వదినామరదళ్లు కూడబలుక్కుని మేనేజ్‌మెంటు నెత్తిన రుద్దుదామనుకుంటున్నారా?" అన్నాడు. మేనేజరు పక్కనే ఉన్నట్టున్నాడు, దగ్గు వినిపించింది.

నిజం చెప్పని ఇన్నాళ్లూ వాళ్లకి మన మీద అనుమానం రాలేదు చూడు. ఇప్పుడొచ్చింది. సోమవారం కేబిన్‌లోనే అందరి ముందూ పరీక్ష పెడతారట. నన్ను రానివ్వరు, ప్రోగ్రామ్‌లో ఏదో కలుపుతానని భయం. నువ్వు కీబోర్డు ముట్టుకున్నా నమ్మరు. ఎవరిచేత నొక్కిస్తారో తెలియదు.

వదిన


లాండ్రీ క్వార్టర్స్, వెనక గది
మంగళవారం

వదినా,

పరీక్ష అయింది. బాబాయి చేత నొక్కించారు.

ఆయన ఆస్పత్రి నుంచి వచ్చి నాలుగు రోజులైంది. దెబ్బ తగిలినవాడు అబద్ధం చెప్పడని ఆఫీసర్ ఆయన్ని పిలిపించాడు. నన్ను మూలన నిలబెట్టి మాట్లాడవద్దన్నారు. డ్రమ్ముల నిండా తడి దుప్పట్లు వేసి, దగ్గరికి ఎవరూ పోకుండా తాడు కట్టారు. ఆఫీసర్ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, "ఇక్కడ మామూలుగా ఎలా ఆపుతారో అలా ఆపండి" అన్నాడు. కాగితం సంగతి ఎత్తలేదు, రెండుసార్లు అన్న మాట ఎత్తలేదు. బాబాయికి మన కాగితాల్లో ఏముందో తెలియదు.

ఆయన కట్టు ఉన్న చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో నొక్కాడు. వెంటనే మళ్లీ నొక్కాడు. ఆలోచించలేదు వదినా, కళ్లు కూడా కీబోర్డు మీద లేవు. అది ఆయన చేతి అలవాటు.

మాట వచ్చేసింది. ఒకటో డ్రమ్ము నీళ్లు వదిలి ఆగింది. మిగతా మూడూ అప్పటికే కదలకుండా ఉన్నాయి. మేనేజరు "ఆగిందిగా, ఇంకేంటి" అని నవ్వబోయాడు. ఆఫీసర్ చెయ్యి అడ్డం పెట్టి ఆగమన్నాడు. అందరం అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి మూడోది తిరగడం మొదలుపెట్టింది, తెర మీద "అన్నీ ఆగాయి" అని అలాగే ఉంది. రోలర్ల ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేనేజరు మొహం చూడాల్సింది నువ్వు. ఆఫీసర్ నేరుగా మూడో డ్రమ్ము దగ్గరికి వెళ్లి, మూత స్విచ్‌కి చుట్టిన తీగ చూసి, ఇది ఎప్పటి నుంచి ఇలా ఉందని మేనేజరునే అడిగాడు. బాబాయిని మాత్రం ఏమీ అడగలేదు. వైద్యం ఆపరట. నన్ను వచ్చే వారం నుంచి పనిలోకి రమ్మన్నారు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది.

బయటికి వచ్చాక బాబాయి నన్ను నీళ్ల ట్యాంకు దగ్గరికి పిలిచాడు. "రెండోసారి కొట్టడమే కారణమని నీకు ముందే తెలుసా?" అన్నాడు. వదిన రాసినప్పుడు తెలిసిందన్నాను. "రెండుసార్లు కొట్టావని మాత్రం మొదటి రోజే తెలుసు కదమ్మా, ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. నీ కోసమే బాబాయ్ అన్నాను. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే తట్టుకునేదాన్ని. "నీ బదులు ఇప్పుడు కూర్చుంటున్న పిల్లకి కూడా రెండుసార్లే నేర్పారు. నన్ను బతికించిన రోలర్ల ఆవిడ రోజూ ఆ డ్రమ్ముల్లోంచి గుడ్డలు లాగుతోంది. నా కోసమని చెప్పి ఆవిడ చేతులు అక్కడ పెట్టించావా తల్లీ?" అన్నాడు.

ఈ రెండు నెలల్లో నాకు ఒక్కసారి కూడా ఆ ఆలోచన రాలేదు. నా ఉద్యోగం, ఆయన వైద్యం, నువ్వు దాచావా లేదా, ఇవే. అద్దం అవతల మిగతావాళ్లు ఉన్నారని కూడా మర్చిపోయాను. ఆయన్ని ట్యాంకు దగ్గరే వదిలి ఇంటికి వచ్చేశాను. నువ్వైతే ఏం చెబుతావు?

నీ ఆడపడుచు


బండి దగ్గర, నిలబడి రాస్తున్నాను
గురువారం

పిల్లా,

బాబాయి ప్రశ్న నాకు కూడా తగిలింది. ఎందుకో చెబుతాను, చదివాక తిట్టు.

అమ్మకం సంగతి మీ అన్నయ్యకి సగమే తెలుసని రాశాను కదా. మిగతా సగం ఇది. అమ్మే పనిలో లేను, ఎప్పుడో అమ్మేశాను. ఒక హోటల్ లాండ్రీలో, ఒక అద్దకాల మిల్లులో అదే ప్రోగ్రామ్ నడుస్తోంది. భోజనాల బల్ల మీద మూడు డ్రమ్ములు ఆగకుండా తిరగడం చూసిన రోజే వాళ్లకి చెప్పాల్సింది. ఎంక్వయిరీ తేలేదాకా ఆగమని వకీలు అంటే సరేననుకున్నాను. నీ మీద జాలిపడి తప్పు ఒప్పుకున్నదాన్ని, ఆ రెండు చోట్లా మూతలు తీసేవాళ్లని మాత్రం తలుచుకోలేదు. నన్ను అనుమానించావని నేను పళ్లు నూరాను. నువ్వు సరిగ్గానే అనుమానించావు.

నీ ఉత్తరం చదవగానే రెండు చోట్లకీ ఫోన్ చేశాను. హోటల్ వాళ్లు మెషీన్లు ఆపేశారు. మిల్లు సూపర్‌వైజర్ నవ్వాడు. "ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదమ్మా, కొత్తది అమ్మడానికి ఇదో ఎత్తా?" అన్నాడు. ఇప్పుడు కూడా అక్కడ నడుస్తూనే ఉంది.

ఈ కాగితం మీ అన్నయ్య చేతికే ఇచ్చి పంపుతున్నాను. నేను సందు చివర బండి దగ్గరే ఉన్నాను, నిన్ను కలవనని పెట్టిన సంతకం ఇక చెల్లదు. ప్రోగ్రామ్ రాసినదాన్ని నేను చెబితే ఆ మిల్లులో నమ్మరు, నొక్కినదానివి నువ్వు చెబితే వింటారు. బట్టలు సర్దుకుంటూ కూర్చోకు, ఉన్న చీరలోనే వచ్చెయ్యి. మధ్యాహ్నం షిఫ్టు మొదలయ్యేలోపు అక్కడ ఉండాలి.

వదిన